మోయడం వేరు, ఆడటం వేరు

2017 మార్చి 3న జపాన్ కంపెనీ నింటెండో, స్విచ్ అనే గేమింగ్ కన్సోల్‌ను విడుదల చేసింది. టీవీకి తగిలిస్తే పెద్ద తెర మీద ఆడుకోవచ్చు. ఊడదీసి చేతిలోకి తీసుకుంటే రైల్లోనో మంచం మీదో ఆడుకోవచ్చు. దాని పెట్టెలో కన్సోల్‌తో పాటు ఒక ప్లాస్టిక్ చట్రం కూడా వచ్చింది. టీవీ ముందు కూర్చుని ఆడేటప్పుడు జాయ్‌కాన్‌లు అనే రెండు చిన్న కంట్రోలర్లను ఆ చట్రంలో బిగించుకోవాలి. అవి మరీ సన్నగా ఉంటాయి కాబట్టి అరచేతులకు కాస్త నిండైన పట్టు దొరకడానికి ఆ ఏర్పాటు. రెండు కంట్రోలర్లూ కలిపి వంద గ్రాములు, వాటికి పిడి ఇచ్చారు. వాటినే కన్సోల్‌కు తగిలించి చేతుల్లో ఎత్తి పట్టుకుంటే మొత్తం బరువు 398 గ్రాములకు చేరుతుంది, అప్పుడు మాత్రం పిడి లేదు. తేలికైనచోట ఆసరా ఇచ్చి, బరువైనచోట ఇవ్వకపోవడం ఏదో ఏమరుపాటున జరిగిన పని కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క వదిలేసిన ఖాళీలోనే ఇవాళ గ్రిప్‌లు, స్టాండ్‌ల వ్యాపారం నడుస్తోంది.

గ్రిప్ అంటే కన్సోల్ వెనక రెండు పక్కలా అమర్చుకునే ఉబ్బెత్తు పిడి. కొన్ని రబ్బరులా మెత్తగా ఉండే తొడుగులు, కొన్ని కన్సోల్‌ను లోపలికి జారవిడిచే గట్టి చట్రాలు. స్టాండ్ అంటే కన్సోల్‌ను బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టే ఊతం. ఈ రెండూ ఒకే తొడుగులో కలిసి వచ్చేవీ ఉన్నాయి. అమ్మేవాళ్లు అన్నిటికీ సౌకర్యం అనే ఒకే ముద్ర వేస్తారు కానీ, అవి తీర్చే ఇబ్బందులు మాత్రం వేరు వేరు. చేతి కన్సోల్ ఆడేవారి చేతులు ఏకకాలంలో రెండు కొలువులు చేస్తుంటాయి. ఒకటి వస్తువును మోయడం, రెండోది మీటలు నొక్కడం. గ్రిప్ మొదటి పనిని సులువు చేస్తుంది. స్టాండ్ ఆ పనిని చేతుల మీంచి పూర్తిగా దించేస్తుంది. రెండో పనిలో శ్రమను మాత్రం ఈ రెండూ పెద్దగా తగ్గించలేవు. ఈ తేడా తెలిస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో, దేని నుంచి ఎంత ఆశించాలో తేలిపోతుంది. దుకాణంలో చూపును లాగేది గ్రిప్ అయినా, ఒంటికి ఎక్కువ మేలు చేసేది స్టాండేనని నా వాదన.

ముందు చేతి సంగతి చూద్దాం. బ్రిటన్‌కు చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త జాన్ నేపియర్ 1956లో మనిషి చేతి పట్టును రెండు రకాలుగా విడదీశాడు. సుత్తి పిడిని పట్టుకున్నట్టు అరచేయి, వేళ్లు అన్నీ కలిసి చుట్టుకునేది బలమైన పట్టు. కలం పట్టుకున్నట్టు వేళ్ల కొసలతో, బొటనవేలి సాయంతో పట్టేది నేర్పు పట్టు. బలమైన పట్టుకు ఉన్న శక్తిలో వేళ్ల మధ్య నొక్కి పట్టే పట్టుకు ఉండేది సుమారు నాలుగో వంతే. ఇప్పుడు స్విచ్‌ను చూడండి. దాని మందం 13.9 మిల్లీమీటర్లు. అంత సన్నటి పలక చుట్టూ వేళ్లు మూసుకోవు, అరచేతికి ఆనుకోవడానికీ ఏమీ లేదు. పైగా రెండు బొటనవేళ్లు స్టిక్‌ల మీద, చూపుడువేళ్లు పైఅంచున ఉన్న మీటల మీద ఉండాలి. ఇక మోతకు మిగిలేది కింది మూడు వేళ్లు, బొటనవేలి మొదట్లో ఉన్న కండ. అంటే బలం తక్కువున్న పట్టుతో, అందులోనూ సగం వేళ్లు వేరే పనిలో ఉండగా, వస్తువును నిలబెట్టాలి. గ్రిప్ చేసేదల్లా పలక వెనక కొంత ఉబ్బు పెంచడం. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు ఆ ఉబ్బు చుట్టూ మూసుకుంటాయి, అరచేయి ఆనుకుంటుంది. నొక్కి పట్టే పట్టు కాస్తా చుట్టి పట్టే పట్టుగా మారుతుంది. మోసే పని నుంచి విడుదలై బొటనవేలు స్వేచ్ఛగా తిరుగుతుంది.

నాలుగు వందల గ్రాములు ఒక బరువా అని అడగవచ్చు. ఎత్తి దించేస్తే బరువు కాదు. గంటసేపు కదలకుండా పట్టుకుంటేనే బరువు. కండరం బిగిసి ఉన్నంతసేపూ దానిలోని రక్తనాళాలు నలుగుతాయి, రక్తం సరిగా ఆడదు. పనిచేసి వదిలే కండరానికి మధ్యలో దొరికే ఊపిరి, బిగిసి ఉన్న కండరానికి దొరకదు. జర్మనీ పరిశోధకుడు వాల్టర్ రోమెర్ట్ 1960లో దీనికి లెక్క కట్టాడు. కండరం తన పూర్తి శక్తిలో ఎంత ఎక్కువ భాగం వాడితే అంత త్వరగా చేతులెత్తేస్తుందని, 15 శాతం లోపు వాడితే చాలాసేపు నిలబడగలదని చెప్పాడు. అంత తక్కువ బిగింపు కూడా గంటల తరబడి సాగితే అలసట తప్పదని తర్వాతి పరిశోధకులు సవరించారు. కాబట్టి ప్రశ్న కన్సోల్ ఎన్ని గ్రాములు అన్నదొక్కటే కాదు, ఆ గ్రాములు ఏ కండరం మీద, దాని శక్తిలో ఎన్నో వంతుగా, ఎంతసేపు పడుతున్నాయన్నది కూడా. అదే బరువు నొక్కి పట్టే వేళ్ల మీద పడితే వాటి శక్తిలో పెద్ద భాగం, చుట్టి పట్టే పిడికిలి మీద పడితే చిన్న భాగం.

ఈ ఇబ్బంది కొత్తది కాదు, కానీ ముదురుతోంది. 1989లో వచ్చిన గేమ్ బాయ్ బ్యాటరీలు లేకుండా 220 గ్రాములు. 32 మిల్లీమీటర్ల మందంతో నిలువుగా ఉండేది కాబట్టి పిల్లల చేతుల్లో కూడా ఒదిగింది. తెరలు పెరిగి, కన్సోళ్లు అడ్డంగా తిరిగాక కథ మారింది. 2004లో సోనీ తెచ్చిన పీఎస్‌పీకి ఒకే ఒక్క స్టిక్ ఉండేది. మాన్‌స్టర్ హంటర్ ఆటల్లో నడవడానికి ఆ స్టిక్, చుట్టూ చూడటానికి దాని పైనున్న నాలుగు దిక్కుల మీటలు, రెండూ ఎడమ చేతి వైపే. రెండింటినీ ఒకేసారి అందుకోవడానికి ఆటగాళ్లు చూపుడువేలిని గద్ద గోరులా వంచి ఆడటం అలవాటు చేసుకున్నారు. అందుకే ఆ పట్టుకు ‘క్లా’ అనే పేరు స్థిరపడింది. మన దగ్గర ఫోన్లో బీజీఎంఐ ఆడే కుర్రాళ్లకు ఈ మాట బాగా తెలుసు. బొటనవేళ్లతో నడుస్తూ, గురి చూస్తూ, చూపుడువేళ్లను తెర మీదకు వంచి కాల్చే నాలుగు వేళ్ల ‘క్లా’ వాళ్ల నిత్య సాధన. అప్పుడు ఫోన్‌ను మోయడానికి మిగిలేవి రెండు మధ్యవేళ్లు, వాటి కింది వేళ్లు. వస్తువు చేతికి తగినట్టు లేకపోతే, చేయే వస్తువుకు తగినట్టు వంగుతుంది.

అయితే గ్రిప్ అన్ని నొప్పులకూ మందు అనుకుంటే పొరపాటు. 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్యపత్రికలో ఒక చిన్న లేఖ అచ్చయింది. 35 ఏళ్ల మహిళ ఒకరు విరామం లేకుండా ఐదు గంటలు నింటెండో ఆట ఆడి బొటనవేలి నొప్పితో వచ్చిందని రాస్తూ, డాక్టరు ఆ బాధకు సరదాగా ‘నింటెండినైటిస్’ అని పేరు పెట్టాడు. ఆలోచించాల్సింది ఏమిటంటే, నొప్పికి కారణం బరువు కాదు, ఒకే మీటను అదే పనిగా నొక్కడం. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో వివరించిన జబ్బు కూడా ఈ ప్రాంతానికి సంబంధించిందే. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లను టెండన్లు అంటారు. బొటనవేలిని కదిలించే రెండు టెండన్లు మణికట్టు దగ్గర ఇరుకైన తొడుగులోంచి పోతాయి. ఆ తొడుగు దళసరెక్కితే బొటనవేలు కదిపినప్పుడల్లా పోటు పుడుతుంది. మంచి గ్రిప్ మణికట్టును వంకర తిరగకుండా తిన్నగా ఉంచితే ఈ టెండన్ల మీద ఒరిపిడి కొంత తగ్గుతుంది. మణికట్టు ముందుకో వెనక్కో వంగినప్పుడు దాని నడుమ ఉన్న సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది, అక్కడి నరం నలుగుతుంది కాబట్టి అక్కడా కొంత లాభమే. కానీ వేయిసార్లు నొక్కే బొటనవేలికి వేయిసార్ల శ్రమ ఉండనే ఉంటుంది. దానికి విరుగుడు విరామమే. నింటెండో తన జాగ్రత్తల పత్రంలోనే గంటకోసారి 10 నుంచి 15 నిమిషాలు ఆపమని, చేతులో కళ్లో అలసిపోతే కొన్ని గంటలు ఆట జోలికి పోవద్దని రాస్తుంది.

ఇక స్టాండ్. చేతి కన్సోల్ ఆడేవారు మోసే అసలు బరువు కన్సోల్ కానే కాదు, సొంత చేతులు. ముంజేయి, అరచేయి కలిపి శరీర బరువులో సుమారు 2.2 శాతం ఉంటాయి. 60 కిలోల మనిషికి ఒక్కో చేతికి కిలోంబావు దాటుతుంది, రెండు చేతులకూ రెండున్నర కిలోల పైమాటే. మోచేతులకు ఆనిక లేకుండా కన్సోల్‌ను కళ్ల ఎదురుగా ఎత్తి పట్టుకున్నవారు ఈ రెండున్నర కిలోలను భుజాలతో మోస్తున్నట్టే. దాని ముందు కన్సోల్ బరువు చిన్నది. ఈ బరువు భరించలేక కాసేపటికి చేతులు ఒళ్లోకి దిగుతాయి. చేతులు దిగితే తల వంగుతుంది. న్యూయార్క్ వెన్నెముక వైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో కట్టిన లెక్క ప్రకారం, నిటారుగా ఉన్నప్పుడు సుమారు 5 కిలోలు ఉండే తల, 60 డిగ్రీలు వంగితే మెడ మీద 27 కిలోలంత భారం మోపుతుంది. అది నమూనా మీద వేసిన అంచనా, మనిషి మెడలో పరికరం పెట్టి కొలిచింది కాదు. అంకెను అక్షరాలా నమ్మనక్కర్లేదు గానీ, వంగినకొద్దీ భారం పెరుగుతుందన్న దిశ సరైనదే. ఎంత మెత్తటి గ్రిప్ తొడిగినా ఈ భుజాల బరువునూ, మెడ వంపునూ అది ముట్టుకోలేదు. స్టాండ్ ముట్టుకుంటుంది. తెర బల్ల మీద నిలబడితే చేతుల్లో మిగిలేది ఒక్కోటి 50 గ్రాముల జాయ్‌కాన్‌లు. వాటిని ఒళ్లో పెట్టుకుని, కుర్చీ చేతుల మీద మోచేతులు ఆనించి, రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని ఆడుకోవచ్చు. తెరను చేతులకు కట్టేసిన ముడి అక్కడ విడిపోతుంది.

తయారీదారులకు కూడా ఈ సంగతి మెల్లగా ఎక్కింది. 2017 నాటి స్విచ్‌కు వెనక ఒక మూలన సన్నటి రేకులాంటి ఊతం ఉండేది. ఒకే వాలు, ఏ కుదుపుకైనా పడిపోయే తీరు. ఛార్జింగ్ రంధ్రం కింది అంచున ఉండటంతో, నిలబెట్టి ఆడుతూ ఛార్జింగ్ పెట్టుకునే వీలు లేదు. ఆ లోటు తీర్చడానికి 2018లో నింటెండోనే వాలు మార్చుకునే ఛార్జింగ్ స్టాండ్‌ను విడిగా అమ్మింది. 2021లో వచ్చిన ఓఎల్‌ఈడీ మోడల్‌కు వెనక భాగమంతా పరుచుకున్న వెడల్పాటి స్టాండ్ వచ్చింది. 2025 జూన్ 5న విడుదలైన స్విచ్ 2కు యూ ఆకారపు గట్టి స్టాండ్‌తో పాటు పైఅంచున రెండో ఛార్జింగ్ రంధ్రం కూడా ఇచ్చారు. ఎనిమిదేళ్లలో స్టాండ్ సన్నటి రేకు స్థాయి నుంచి కన్సోల్ ఒంట్లో గట్టి భాగమైపోయింది. మరి గ్రిప్? స్విచ్ 2 తెర 7.9 అంగుళాలకు, కంట్రోలర్లతో కలిపి బరువు సుమారు 534 గ్రాములకు పెరిగినా, మందం మాత్రం అదే 13.9 మిల్లీమీటర్లు. మొదట్లో చెప్పిన లెక్క ఇక్కడ బయటపడుతుంది. స్టాండ్ మడుచుకుంటుంది, గ్రిప్ మడుచుకోదు. మడిచిన స్టాండ్ సంచిలో చోటు అడగదు. ఉబ్బెత్తు పిడి మాత్రం వాడినా వాడకపోయినా ఎప్పుడూ ఉబ్బుగానే ఉంటుంది. వెంట తీసుకెళ్లడం, హాయిగా పట్టుకోవడం అనే రెండు గుణాల మధ్య తగవు వచ్చినప్పుడు కంపెనీ మొదటిదాన్ని ఎంచుకుని, రెండోదాన్ని కొనుగోలుదారుకే వదిలేసింది.

అలా వదిలేయడం తప్పించుకోవడం కాదా, సొమ్ము తీసుకున్నవాడే హాయిగా ఉండేలా చేసి ఇవ్వాలి కదా అన్నది బలమైన అభ్యంతరం. అమెరికా కంపెనీ వాల్వ్ 2022లో తెచ్చిన స్టీమ్ డెక్ దీనికి సగం జవాబు. దానికి పిడులు ఒంట్లోనే ఉన్నాయి, పట్టు నిండుగా ఉంటుంది. బదులుగా మందం 49 మిల్లీమీటర్లకు, బరువు 669 గ్రాములకు చేరాయి. జేబు మాట అటుంచి చిన్న సంచిలో కూడా పట్టదు, పైగా స్టాండ్ లేదు. లెనోవో 2023లో తెచ్చిన లీజియన్ గోకు పిడులూ ఉన్నాయి, ఊడే కంట్రోలర్లూ ఉన్నాయి, వెనక స్టాండూ ఉంది. బరువు 854 గ్రాములు. అన్నీ ఇస్తే ఆ ఖరీదు కట్టాలి. జానెడు వస్తువులో అందరి కోరికలూ ఇమడవు. సంచిలో వేసుకుని రోజూ ప్రయాణం చేసేవారికి సన్నదనం ముఖ్యం, ఇంట్లోనే ఆడేవారికి నిండుదనం ముఖ్యం. పదేళ్ల పిల్లాడి చేయీ ఆరడుగుల మనిషి చేయీ ఒకే పిడిలో ఒదగవు. ఇన్ని తేడాలున్నచోట మధ్యేమార్గపు కన్సోల్, దానికి ఎవరికి వారు తగిలించుకునే పిడి అన్న ఏర్పాటు అన్యాయమేమీ కాదు.

కానీ ఈ వాదనను ఎక్కడిదాకా లాగవచ్చో చెప్పే ఉదంతం ఒకటుంది. నింటెండో 64 అనే కన్సోల్ కోసం వచ్చిన మారియో పార్టీ ఆటలో స్టిక్‌ను వీలైనంత వేగంగా గిరగిరా తిప్పాల్సిన పోటీలు ఉండేవి. పిల్లలు అరచేతిని స్టిక్ మీద ఉంచి తిప్పేవారు, చేతులు బొబ్బలెక్కి చర్మం లేచిపోయేది. న్యూయార్క్ అటార్నీ జనరల్ కలగజేసుకున్నాక 2000 సంవత్సరంలో కంపెనీ ఆ ఆట కొన్నవారికి ఉచితంగా తొడుగులు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆటలో ఉన్న లోపానికి చేతికి తొడుగు వేయడం ఎక్కువ కాలం నిలిచే మార్గం కాదు. ఆ తరహా పోటీలను తర్వాతి ఆటల్లో చాలావరకు వదిలేశారు. గీత ఇక్కడ గీసుకోవచ్చు. చేతుల కొలతల్లో తేడాలను సర్దడానికి వచ్చిన విడి సరుకు న్యాయమైనది. అందరి చేతినీ గాయపరిచే వస్తువుకు అతుకు వేయడానికి వచ్చిన విడి సరుకు తయారీదారు చేయాల్సిన పనిని కొనేవారి నెత్తిన రుద్దడమే. కింది అంచున ఛార్జింగ్ రంధ్రం పెట్టి, తర్వాత స్టాండ్ అమ్మడం రెండో కోవకు దగ్గరగా వస్తుంది.

మరో అభ్యంతరం బరువు గురించి. చేతులు నొప్పి పెడుతున్నాయంటే ఉన్నదానికి ఇంకొంత తగిలించడం ఏం తెలివి అని. నీళ్ల బిందెను అంచు పట్టుకుని చేత్తో వేలాడదీసినా అన్నే నీళ్లు, నడుం మీద పెట్టుకున్నా అన్నే నీళ్లు. ఏది మోయడం తేలికో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. గ్రిప్ కొన్ని గ్రాములు కలిపినా, ఆ భారాన్ని బలహీనమైన వేళ్ల కొసల నుంచి బలమైన అరచేతికి మారుస్తుంది. అయితే ఈ లాభానికి హద్దు ఉంది. మందపాటి లోహపు పలకలు, దట్టమైన తొడుగులు కలిపే బరువు మాత్రం ముంజేతులకూ భుజాలకూ అదనపు భారమే. తేలికగా ఉండి, ఉబ్బు సరైన చోట ఉన్నదే మంచి గ్రిప్. ఇక, హాయిగా ఉంటే పిల్లలు మరో రెండు గంటలు ఆడతారన్న భయం ఉంది. అది నిజమైన భయమే. నొప్పి ఒక హెచ్చరిక. గ్రిప్ ఆ హెచ్చరికను ఆలస్యం చేయగలదు, బొటనవేలి శ్రమను మాత్రం ఆలస్యం చేయలేదు. అంతమాత్రాన నొప్పినే గడియారంగా వాడుకోమనడం సబబు కాదు. కూర్చునే కుర్చీ గట్టిగా ఉంటే చదువు త్వరగా ఆపుతారని ఎవరూ ముళ్ల కుర్చీ కొనరు. సమయానికి హద్దు ఇంట్లో పెద్దలు పెట్టాలి, లేదా ఆడేవారు తమకు తామే పెట్టుకోవాలి.

ఖర్చు సంగతి కూడా ఉంది. స్టాండ్ సూత్రం అర్థమైతే చాలామందికి కొనాల్సిన అవసరమే రాదు. కన్సోల్‌కు సొంత స్టాండ్ ఉంటే దాన్ని వాడటం మొదలుపెట్టడమే మొదటి మెట్టు. ఫోన్‌లో ఆడేవారు గోడకు ఆనించిన పుస్తకాల దొంతర మీద ఫోన్ నిలబెట్టి, బ్లూటూత్ కంట్రోలర్‌తో ఆడితే మెడకూ భుజాలకూ దొరికే విశ్రాంతి అదే. మంచం మీద ఆడేవారు ఒళ్లో దిండు పెట్టుకుని మోచేతులు ఆనించుకున్నా సగం భారం దిగినట్టే. బల్ల దొరకని ప్రయాణాల్లో ఎక్కువగా ఆడేవారికి, నిలబడి ఆడేవారికి, చేతులు పెద్దవైనవారికి గ్రిప్ మీద పెట్టిన డబ్బు దండగ కాదు. కొనేముందు చూసుకోవాల్సినవి కొన్నే. స్టీమ్ డెక్ వెనక నుంచి గాలి పీల్చి పైఅంచు నుంచి వేడిని వదులుతుంది, స్విచ్‌కూ పైఅంచున వేడి పోయే సందులున్నాయి. తొడుగు వాటిని మూయకూడదు. ఛార్జింగ్ రంధ్రం అందాలి. టీవీకి తగిలించే డాక్‌లో పెట్టేటప్పుడు తొడుగు సులువుగా ఊడిరావాలి, లేదంటే నాలుగు రోజుల్లో అది అలమారులో చేరుతుంది. జాయ్‌కాన్‌ల బదులుగా తగిలించే పెద్ద కంట్రోలర్లూ ఉన్నాయి. జపాన్ కంపెనీ హోరీ తెచ్చిన స్ప్లిట్ ప్యాడ్ ప్రో పట్టు విషయంలో చాలా మెరుగు. కానీ అందులో కదలికను పసిగట్టే సెన్సర్, వైబ్రేషన్ లేవు, కన్సోల్ నుంచి విడదీస్తే పనిచేయదు. అంటే గ్రిప్ కోసం స్టాండ్ లాభాన్ని వదులుకోవడం అన్నమాట.

ఒక వస్తువు అందరి చేతులకూ సరిపోదని ఒప్పుకున్నాక, కంపెనీ మీద మిగిలే బాధ్యత ఒకటుంది. ఎవరి చేతికి తగినట్టు వారు మార్చుకునే దారి మూసేయకూడదు. వాల్వ్ 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ పైపెంకు కొలతల ఫైళ్లను ఉచితంగా అందరికీ ఇచ్చింది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉన్న ఎవరైనా తమ చేతికి సరిపడే పిడిని, తమ బల్లకు సరిపడే స్టాండ్‌ను గీసుకుని అచ్చు వేసుకోవచ్చు. కీళ్లవాతంతో వేళ్లు మూసుకోనివారికి, ఒక చేత్తోనే ఆడాల్సినవారికి దుకాణంలో దొరికే నమూనాలు పనికిరావు. అలాంటివారికి ఈ కొలతలే అసలైన సౌకర్యం. ఇతర కంపెనీలు ఆ పని చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కొనేవారు చేయాల్సింది ఇంకా తేలిక. నొప్పి వేళ్లలో ఉందా, భుజాల్లో ఉందా, బొటనవేలి మొదట్లో ఉందా అని ముందు తేల్చుకోవాలి. వేళ్లలో అయితే గ్రిప్, భుజాల్లో మెడలో అయితే స్టాండ్, బొటనవేలిలో అయితే ఆట ఆపడం, తగ్గకపోతే డాక్టర్. మూడో దానికి మొదటి రెండూ కొని ఆశపడటమే ఈ వ్యాపారంలో జరిగే అసలు నష్టం.